పండగ గిఫ్టుల సీజన్ ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ పోటీని నిజంగా మారుస్తుందా?

ఏడురోడ్ల_కుర్రోడు (కడప)

అందరికీ నమస్కారం. మాది కడప. వైవీ స్ట్రీట్ దగ్గర మా బాబాయికి ఎలక్ట్రానిక్స్ షాపు ఉంది. టీవీలు, సౌండ్‌బార్లు, ఫోన్ సామాన్లు అమ్ముతాం, ఈమధ్య గేమింగ్ కన్సోల్స్ కూడా పెట్టాం, అంటే టీవీకి తగిలించి గేములు ఆడే మెషిన్లు, సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ (పీఎస్), మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్. వాటి స్టాక్ చూసుకునేది నేనే. డిగ్రీ అయిపోయి షాపులో కూర్చున్నా కాబట్టి ఈ వ్యాపారం లోతుగా నేర్చుకోవాలని ఉంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ప్రతి నవంబర్, డిసెంబర్‌లో అమెరికా వార్తలు ఫాలో అవుతుంటా. బ్లాక్ ఫ్రైడేకి (నవంబర్ ఆఖర్లో అక్కడ వచ్చే పెద్ద ఆఫర్ల రోజు) ఈ కంపెనీ గెలిచింది, క్రిస్మస్‌కి ఆ కంపెనీ వెనకబడింది అని రాస్తారు. 2014 నవంబర్‌లో అమెరికాలో పీఎస్4 కంటే ఎక్స్‌బాక్స్ వన్ ఎక్కువ అమ్ముడుపోయింది. కానీ చివరికి చూస్తే పీఎస్4 దగ్గర దగ్గర 11 కోట్ల 70 లక్షలు పోయింది, ఎక్స్‌బాక్స్ వన్ దాని దరిదాపుల్లోకి రాలేదు, మైక్రోసాఫ్ట్ అయితే 2015 నుంచి ఎన్ని అమ్మారో చెప్పడమే మానేసింది. మరి ఆ పండగ గెలుపు వల్ల ఒరిగిందేంటి? గిఫ్టులు కొనేవాళ్ళ వల్ల పోటీలో ఎవరు ముందుంటారన్నది మారుతుందా, లేక ఎలాగూ కొనేవాళ్ళే ఆఫర్ కోసం ఆగి అప్పుడు కొంటున్నారా?

షాపులో నేను చూసేది చెప్తా. నాన్న వస్తాడు, కొడుకు వాట్సాప్‌లో పంపిన ఫొటో ఫోన్లో తీసి కౌంటర్ మీద పెట్టి "ఇది ఉందా" అంటాడు. రేటు చెప్తే కాసేపు ఆలోచిస్తాడు. తర్వాత ప్రతి ఒక్కరూ అడిగే మాట ఒకటే, "గేములు దీంట్లోనే ఉంటాయా, మళ్ళీ కొనాలా?" మళ్ళీ కొనాలని చెప్పగానే చూపు పక్కనున్న చిన్న డబ్బా మీదికి పోతుంది. పిల్లోడు మాత్రం వెనక నుంచి చొక్కా లాగుతుంటాడు, అది కాదు నాన్నా అని. ఆడేవాడు ఒకడు, డబ్బు కట్టేవాడు ఇంకొకడు అయినప్పుడు అసలు ఎవరి ఇష్టం నెగ్గుతుంది? డిసెంబర్‌కి రెండు రకాలూ సమానంగా తెప్పిద్దామని బాబాయి అంటున్నాడు, నాకు ధైర్యం చాలట్లేదు.

బురుజు_నీడ (కర్నూలు)

తమ్ముడూ, బెంగళూరులో ఒక పెద్ద షోరూమ్‌లో చాలాకాలం గేమింగ్ కౌంటర్ చూశా, ఇప్పుడు కర్నూలులోనే ఉంటున్నా. నాకు బాగా ఇష్టమైన విషయం అడిగావు కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా.

ముందు గిఫ్టుల సీజన్ ఎంత పెద్దదో చూడు. సోనీ లెక్కల్లో 2024 ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో ప్రపంచం మొత్తం మీద పోయిన పీఎస్5లు 24 లక్షలు. అదే ఏడాది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 95 లక్షలు. మెషిన్ అదే, అమ్మే షాపులు అవే, మూడు నెలల్లో దాదాపు నాలుగింతలు. ఆ క్వార్టర్ కాస్త తగ్గిందంటే ఏడాది మొత్తం లెక్క మార్చుకోవాల్సిందే. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఆర్థిక సంవత్సరంలో రెండున్నర కోట్లు అమ్ముతామన్నారు, అక్టోబర్-డిసెంబర్‌లో 82 లక్షలే పోయాయి, 2024 ఫిబ్రవరిలో టార్గెట్‌ని 2 కోట్ల 10 లక్షలకి దించుకున్నారు. 82 లక్షలు అంటే చిన్న సంఖ్య కాదు, అయినా చాలలేదు. మిగతా తొమ్మిది నెలలు ఎంత కష్టపడినా ఆ గుంత పూడదు, అందుకే కంపెనీలు ఆ మూడు నెలల కోసం ప్రాణం పెడతాయి.

ఇప్పుడు 2014 సంగతి. అంతకుముందు 2013 నవంబర్‌లో రెండూ వారం తేడాతో వచ్చాయి. పీఎస్4 399 డాలర్లు, ఎక్స్‌బాక్స్ వన్ 499. ఆ వంద డాలర్లు ఎక్కువ ఎందుకంటే ఒంటి కదలికల్ని పట్టే కైనెక్ట్ కెమెరాని డబ్బాలో తప్పనిసరి చేశారు. 2014 జూన్‌లో కెమెరా తీసేసి 399కి తెచ్చారు, నవంబర్ మొదట్లో ఇంకా తగ్గించి 349 చేశారు, కొన్ని బండిల్స్‌లో, అంటే కలిపి అమ్మే ప్యాకుల్లో, గేము కూడా పెట్టి ఇచ్చారు. అప్పుడు గెలిచారు. ఆ గెలుపు మెషిన్‌ది కాదు, ధరది. మనవడికి గిఫ్టు కొనే తాతకి ఈ మెషిన్‌లో గ్రాఫిక్స్ ఎంత, ఆ మెషిన్‌లో ఎంత అని పట్టదు. 50 డాలర్ల తేడా కనిపిస్తుంది, డబ్బా మీద గేము బొమ్మ కనిపిస్తుంది. నీ షాపుకొచ్చే నాన్న అడిగే ప్రశ్నకి ఆ డబ్బా మీదే జవాబు ఉంటే ఇంక ఆలోచించడు. బండిల్ అనేది పుట్టిందే ఆ ప్రశ్న కోసం.

ఆ ధర జనవరిలో మళ్ళీ 399కి పెంచారు, నిలవలేదు, అదే నెలలో తిరిగి 349కి దించేశారు. నువ్వడిగిన దానికి సగం జవాబు ఇందులోనే ఉంది. తగ్గించిన రేటుకి కొన్నవాళ్ళలో చాలామంది ఆగి ఉన్నవాళ్ళే, వాళ్ళు కొనేశాక పాత రేటుకి కొనేవాడు దొరకడు. మరుసటి ఏడాది సోనీ కూడా పీఎస్4ని 349 చేసింది. రేటు తేడా పోయింది, ఎక్స్‌బాక్స్‌కి దొరికిన ఆ పైచేయి కూడా పోయింది.

ఇంకోటి, స్టాక్. 2020 క్రిస్మస్‌కి చిప్‌ల కొరత వల్ల పీఎస్5, కొత్త ఎక్స్‌బాక్స్ రెండూ సరిగ్గా దొరకలేదు. అలాంటి సీజన్‌లో జనానికి ఏది ఇష్టం అన్న ప్రశ్నే రాదు, ఎవడి దగ్గర సరుకుంటే వాడిదే అమ్మకం. ఆ రోజుల్లో వచ్చిన నెలవారీ అంకెలు చూసి ఒక కంపెనీ గెలిచిందని రాసిన వార్తల్ని నేనైతే నమ్మను.

సప్తగిరి_అక్క (అనంతపురం)

నేను కొనే వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే ఇలాంటి చర్చల్లో తల్లిదండ్రుల్ని ఏమీ తెలియనివాళ్ళుగా లెక్కేస్తారు.

మా వాడికి టెన్త్‌లో మంచి మార్కులొస్తే కొనిస్తానని మాటిచ్చాను. రిజల్ట్స్ వచ్చిన వారమే బెంగళూరు వెళ్ళి తెచ్చాం, అనంతపురంలో కావలసిన మోడల్ దొరకలేదు. డబ్బు కట్టింది నేనే, కానీ ఏది కొనాలో నిర్ణయించింది నేనూ కాదు, నిజానికి మావాడూ కాదు. వాడి ఫ్రెండ్స్. క్లాసులో వాడితో తిరిగే పిల్లలందరి దగ్గరా ప్లేస్టేషన్ ఉంది. వీడు ఎక్స్‌బాక్స్ తెచ్చుకుంటే వాళ్ళ డిస్కులు వీడికి పనికిరావు, వీడివి వాళ్ళకి పనికిరావు. పీఎస్5కి కొత్తగా వచ్చిన పెద్ద గేము ఒక్కోటి దగ్గర దగ్గర ఐదువేలు ఉంటుంది. ఒక్క గేముకి ఐదువేలు పెట్టే ఇల్లు మా వీధిలో లేదు. పిల్లలు తలా ఒకటి కొని మార్చుకుంటారు, మా ఇంట్లో టీవీ కింద ఉన్న డిస్కుల్లో సగం మావి కావు, కవర్ మీద పెన్నుతో పేర్లు రాసి ఉంటాయి ఎవరిది ఎవరిదో తెలియడానికి.

ఇక్కడే గిఫ్టుతో చిక్కొస్తుంది. మా మరిది తన కొడుకు పుట్టినరోజుకి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ తెచ్చాడు, అన్నిటికంటే తక్కువ రేటని. మెషిన్ బాగుంది, నేనేమీ వంక పెట్టను. కానీ దాంట్లో డిస్కు పెట్టే చోటే లేదు. ప్రతి గేమూ ఆన్‌లైన్లో కొనాలి, లేదంటే గేమ్ పాస్ అనే చందా నెలనెలా కట్టాలి. పెద్ద పెద్ద గేములు డౌన్‌లోడ్ కావాలంటే ఇంట్లో మంచి నెట్ ఉండాలి, వాళ్ళది ధర్మవరం పక్కన పల్లె, రాత్రంతా పెట్టినా దిగేది కాదు. గిఫ్టు ఇచ్చేవాడు డబ్బా రేటు ఒక్కటే చూస్తాడు, తర్వాతి ఖర్చు ఆడేవాడి ఇంటిమీద పడుతుంది. అందుకే తమ్ముడూ, నీ షాపులో ఆ నాన్న చిన్న డబ్బా వైపు చూసినప్పుడు, మీ ఇంట్లో నెట్ ఎలా ఉంది, పిల్లోడి స్నేహితుల దగ్గర ఏముంది అని ఈ రెండు ప్రశ్నలు అడుగు. నీకు అమ్మకం పోయినా సరే, అడుగు.

పెన్నా_ఒడ్డు

బురుజు అన్న చెప్పింది బాగుంది గానీ "ఆగి ఉన్నవాళ్ళే కొన్నారు" అనేదాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. గిఫ్టుల సీజన్ సరిగ్గా నడవక ఒక కంపెనీ మెషిన్ల తయారీనే వదిలేసింది కదా. సెగా కంపెనీ మెషిన్ డ్రీమ్‌కాస్ట్ అమెరికాకి 1999 సెప్టెంబర్ 9న వచ్చింది, 199 డాలర్లకి, మొదట్లో బాగా పోయింది. 2000 అక్టోబర్ 26న పీఎస్2 వచ్చింది, 299 డాలర్లకి. సోనీ దగ్గర సరుకు లేదు, మొదటి రోజుకి 10 లక్షలు ఇస్తామని చెప్పి 5 లక్షలే ఇచ్చారు. డ్రీమ్‌కాస్ట్ ధర అప్పటికే 149కి దిగింది, షాపుల్లో కుప్పలుగా ఉంది. అన్న లెక్క ప్రకారం ధర తక్కువ, స్టాక్ ఎక్కువ, కాబట్టి ఆ క్రిస్మస్ సెగాదే కావాలి. కాలేదు. జనం పీఎస్2 కోసం ఆగిపోయారు, దాంట్లో డీవీడీ ప్లేయర్ కూడా ఉంది మరి. 2001 జనవరి ఆఖర్లో సెగా తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది. ఒక్క సీజన్, అంతే. సెగాకి అప్పటికే అప్పులూ నష్టాలూ ఉన్న మాట నిజమే, కానీ ఆ డిసెంబర్ బాగుంటే ఇంకొన్నాళ్ళు బతికేది.

నింటెండో కంపెనీ మెషిన్ వీ (Wii) సంగతీ చూడండి. 2006 నవంబర్‌లో పీఎస్3 499, 599 డాలర్లకి వచ్చింది, నింటెండో వీ 250కి, అమెరికాలో అయితే డబ్బాలోనే వీ స్పోర్ట్స్ గేముతో. అవ్వా తాతా కూడా రిమోట్ ఊపుతూ బౌలింగ్ ఆడేశారు. వరసగా ఏళ్ళపాటు క్రిస్మస్ గిఫ్టు అంటే అదే అయింది, మొత్తం 10 కోట్లు దాటింది. పీఎస్3 దానికి కోటికి పైగా తక్కువలో ఆగిపోయింది. ఇది టైమింగ్ మారడం కాదు, కొత్త జనం వచ్చారు.

బురుజు_నీడ (కర్నూలు)

పెన్నా, డ్రీమ్‌కాస్ట్ మాట ఒప్పుకుంటా, మంచి ఉదాహరణ. ధర, స్టాక్ పనిచేసేది కొనేవాడికి రెండు మెషిన్లూ ఒకటే అనిపించినప్పుడు. పీఎస్2 విషయంలో ఒకటే అనిపించలేదు.

కానీ వీ కథలో రెండో సగం వదిలేశావు. ఆ తర్వాత 2012 నవంబర్‌లో, మళ్ళీ గిఫ్టుల సీజన్ చూసుకునే, వీ యూ తెచ్చారు. అది మొత్తం బతుకంతా కలిపి అమ్మింది 1 కోటి 35 లక్షలు. పది కోట్ల ఇళ్ళు ఎటుపోయాయి? గిఫ్టుగా మెషిన్ వచ్చిన ఇల్లు దాని తర్వాతి మెషిన్‌కి కూడా కస్టమర్ అని లెక్క కట్టకూడదు. వీ యూ కొత్త మెషినా, పాత వీకి తగిలించుకునే సామానా అన్నదే చాలామంది తల్లిదండ్రులకి అర్థం కాలేదు. అదే నింటెండో దాని తర్వాతి మెషిన్ స్విచ్‌ని 2017 మార్చి 3న, ఏ పండగా లేని రోజుల్లో తెచ్చారు, 15 కోట్లు దాటింది. స్విచ్ 2 కూడా 2025 జూన్‌లో వచ్చి నాలుగు రోజుల్లో 35 లక్షలు పోయింది. ఇష్టమున్నవాడు ఎండాకాలమైనా క్యూలో నిలబడతాడు. గిఫ్టు కొనేవాడు మాత్రం నవంబర్‌లోనే వస్తాడు, అప్పటికి ఊళ్ళో పిల్లలందరి నోటా ఏ పేరుంటే అదే కొంటాడు. అనంతపురం అక్క చెప్పింది కూడా అదే.

మన దగ్గర దీనికి మంచి రుజువు ఉంది. 2020లో కొత్త ఎక్స్‌బాక్స్‌లు ప్రపంచంతోపాటు ఇండియాకి కూడా నవంబర్ 10న వచ్చాయి, దీపావళి 14న. పీఎస్5 ఇక్కడికి 2021 ఫిబ్రవరి 2న గానీ రాలేదు. దీపావళి పోయింది, క్రిస్మస్ పోయింది, సంక్రాంతి పోయింది. అయినా ఇవాళ నీ షాపుకొచ్చి జనం అడిగేది ఏది? ప్లేస్టేషనే కదా. పీఎస్2 రోజుల నుంచి గేమింగ్ పార్లర్లలో, ఫ్రెండ్స్ ఇళ్ళల్లో చేతికి అలవాటైంది అదే. ఒక పండగ తప్పిపోతే ఆ అలవాటు చెరిగిపోదు.

ఏడురోడ్ల_కుర్రోడు (కడప)

అందరికీ థాంక్స్. అక్కా, మీరు చెప్పిన రెండు ప్రశ్నలు నిన్ననే ఒకాయన్ని అడిగా, పిల్లోడే వెంటనే జవాబు చెప్పాడు, నాన్నకి పని తప్పింది. ఇప్పుడు నా అసలు టెన్షన్ డిసెంబర్ ఆర్డర్. డిస్ట్రిబ్యూటర్ రెండు రకాలూ కలిపి తీసుకుంటేనే మంచి రేటు ఇస్తానంటున్నాడు.

ప్రొద్దుటూరు_పార్లర్

తమ్ముడూ, ఆ ఆర్డర్ పెట్టొద్దు. నాది ప్రొద్దుటూరు, గేమింగ్ పార్లర్ నడుపుతా, సెకండ్ హ్యాండ్ మెషిన్లు కొంటా, అమ్ముతా. పైన అందరూ చెప్పింది అమెరికా క్యాలెండర్. అక్కడ క్రిస్మస్‌కి పిల్లలకి సెలవులు, గిఫ్టు విప్పి ఆడుకుంటూ కూర్చుంటారు. మన దగ్గర డిసెంబర్ అంటే ఏంటి? మార్చిలో టెన్త్, ఇంటర్ పరీక్షలు. సంక్రాంతి దాటిందంటే నా పార్లర్‌లో స్కూలు పిల్లలు కనపడరు, ఇళ్ళల్లో మెషిన్లు బీరువా ఎక్కుతాయి. కొన్ని నా దగ్గరికే అమ్మకానికి వస్తాయి, నాన్న పట్టుకొస్తాడు, పక్కన పిల్లోడు ఉండడు. ఆ టైంలో కొత్త మెషిన్ గిఫ్టుగా కొనే తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారు?

మన సీజన్ రెండు చోట్ల ఉంది. ఒకటి దసరా నుంచి దీపావళి దాకా. మా ప్రొద్దుటూరు దసరా ఎలా జరుగుతుందో జిల్లాలో తెలియనివాళ్ళు లేరు, ఊరంతా బజార్లోనే ఉంటుంది, చేతిలో డబ్బు ఆడుతుంది. కానీ ఆన్‌లైన్ ఆఫర్లు కూడా అప్పుడే కాబట్టి షాపువాడికి కష్టం. ఆఫర్ వస్తుందని తెలిసి వినాయక చవితి నుంచే కొనడం ఆపేస్తారు, నా దగ్గర సెకండ్ హ్యాండ్ కూడా కదలదు. 2023లో సోనీ అప్పట్లో 54,990 ఉన్న పీఎస్5ని 7,500 తగ్గించి 47,490కి ఇచ్చింది, అప్పటి నుంచి మామూలు రేటు చెప్తే జనం నవ్వుతున్నారు, ఆఫర్ ఎప్పుడొస్తుందో చెప్పు అంటున్నారు. కంపెనీ ఆఫర్ అయితే షాపులకి కూడా ఇస్తుంది, డిస్ట్రిబ్యూటర్‌ని ముందే అడిగి రాయించుకో. మార్జిన్ లేని సరుకు పాత రేటుకి తెచ్చుకుని కూర్చుంటే ఆ రెండు వారాల్లో నష్టానికి అమ్మాల్సి వస్తుంది, నాకు తెలిసిన ఒక షాపులో అలాగే జరిగింది.

రెండోది రిజల్ట్స్ టైం, ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్‌లో బడులు తెరిచేదాకా. అక్క చెప్పినట్టు మార్కులొస్తే కొనిస్తామన్న మాటలన్నీ అప్పుడు తీరుతాయి. ఆ టైంలో పెద్ద ఆఫర్లు తక్కువ, వాయిదా వేసే జనం కూడా తక్కువ. పిల్లోడు ఇవాళే కావాలంటాడు, కొరియర్ వచ్చేదాకా ఆగడు. షాపులో డబ్బా కనపడితే అమ్మకం అయిపోయినట్టే. నీలాంటి చిన్న షాపుకి అసలు సీజన్ అదే అని నా అభిప్రాయం.

అమెరికా క్రిస్మస్ మన మీద పడేది ఇంకోలా. బ్లాక్ ఫ్రైడేకి అక్కడ కొన్న మెషిన్లు సంక్రాంతికి సూట్‌కేసుల్లో దిగుతాయి. డల్లాస్ అన్న తమ్ముడికి తెచ్చాడు, అట్లాంటా మేనమామ మేనల్లుడికి తెచ్చాడు. ముఖ్యంగా నింటెండో స్విచ్, అది ఇక్కడ కంపెనీ అధికారికంగా అమ్మదు కాబట్టి అలా రావాల్సిందే, లేదంటే బిల్లు లేని సరుకు కొనుక్కోవాలి. రిపేరు వస్తే ఇక్కడ వారంటీ పనిచేయదు, తిప్పలన్నీ నా దగ్గరికే వస్తాయి. డిసెంబర్‌లో కొందామనుకున్న ఇళ్ళు కొన్ని అలా గిఫ్టు అందుకుని నీ లెక్కలోంచి తప్పుకుంటాయి.

ఏడురోడ్ల_కుర్రోడు (కడప)

అన్నా, ఇది నాకు తట్టనే లేదు. అయితే డిసెంబర్‌కి ఏం పెట్టుకోమంటావు? కౌంటర్ ఖాళీగా ఉంచితే బాబాయి ఊరుకోడు.

ప్రొద్దుటూరు_పార్లర్

పీఎస్5 డిస్కు మోడల్ ఒకటో రెండో ఉంచు, చూపించడానికి. ఎక్స్‌బాక్స్ ఎవరైనా అడిగితే అడ్వాన్స్ తీసుకుని తెప్పించు, ఊళ్ళో దాన్ని ఇష్టపడేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు ఆగుతారు. డబ్బంతా కంట్రోలర్ల మీద పెట్టు. సంక్రాంతికి సూట్‌కేసులో వచ్చిన మెషిన్‌తో ఎక్కువగా ఒక్క కంట్రోలరే వస్తుంది, ఇంటి నిండా చుట్టాలుంటారు, ఇద్దరు ఆడాలంటే ఇంకోటి కావాల్సిందే. ఒరిజినల్‌ది ఆరువేల దగ్గర ఉంది, మెషిన్ మీద కంటే దాని మీద నీకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి. రంజాన్‌కి పెద్దలిచ్చే ఈదీ డబ్బులు పోగేసుకున్న పిల్లలు కూడా కంట్రోలర్లకీ పాత డిస్కులకే వస్తారు, మీ కడపలో ఆ గిరాకీ మా ఊరికంటే ఎక్కువ. చార్జింగ్ కేబుళ్ళు కూడా కొన్ని తెప్పించు, పిల్లలు అవి తెగ పాడుచేస్తారు.